బుచ్చవ్వ వాటా

గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, మనుషుల కంటే గొర్రెలే ఎక్కువున్న ఒక ఊళ్ళో, బుచ్చవ్వ ఉండేది. ఎవరింట గొర్రెను కోసినా పొట్టా పేగులూ కడిగి బోటి చేసివ్వడం ఆమె పని. బోటి తినేదాకా అందరికీ బుచ్చవ్వ కావాలి. తిన్నాక ఆమె నీడ కూడా పనికిరాదు. అట్లాంటి ఊరది.

ఆ ఊళ్ళో ఒక వాడుక. కోసిన గొర్రె కార్జంలో నీళ్ళ తిత్తులు కనబడితే, మనుషులు తినకుండా మంద కాసే కుక్కలకు పచ్చిగానే వేసేవారు. తోడేళ్ళను తరిమే కుక్కకు ఆ మాత్రం పెట్టాలి కదా అనేవారు.

బుచ్చవ్వకు ఒక్కతే కూతురు, నీలి. మాంసం ముట్టేది కాదు. కుక్కపిల్లల్ని మాత్రం ఒళ్ళో నుంచి దించేది కాదు. పదేళ్ళు వచ్చేసరికి, ఊళ్ళో ఇంకొందరు పిల్లలకు ఉబ్బినట్టే, నీలి కడుపు ఉబ్బింది. గాలి సోకిందని వేపమండలతో కొట్టారు, తగ్గలేదు. దిష్టి అని కోడిని తిప్పారు, తగ్గలేదు. చివరికి మంగలి వైద్యుడు కత్తి పెట్టాడు. నీళ్ళు చిమ్మాయి, వాటితోపాటు తెల్లటి తిత్తులు జారాయి. ఆ పూటకే నీలి పోయింది.

ఊరు ఏడ్చి ఇంటికి పోయింది. బుచ్చవ్వ ఒక తిత్తిని వేళ్ళ మధ్య పట్టి చూసింది. ఎన్ని పొట్టలు కడిగిన చెయ్యో అది. గొర్రెలో ఉండేదీ, తన బిడ్డలో ఉన్నదీ ఒకటే తిత్తి. మాంసం తినని పిల్లకు ఇదెట్లా వచ్చింది?

మూడు కుక్కపిల్లల్ని తెచ్చి విడివిడిగా కట్టేసి సాకింది. ఒకదానికి మంచి కార్జం పెట్టింది. ఒకదానికి తిత్తుల కార్జం ఉడకబెట్టి పెట్టింది. ఒకదానికి తిత్తుల కార్జం పచ్చిగా పెట్టింది. మూడు నెలలకు మూడింటికీ వాయువిడంగాల కషాయం పట్టింది, కడుపులోని పురుగులు బయటపడే మందు అది. వాటి పెంటను నీళ్ళలో కలిపి గుడ్డలో వడగట్టింది. మొదటిదానిలో ఏమీ లేదు. రెండోదానిలో ఏమీ లేదు. మూడోదానిలో నూకల్లాంటి తెల్లటి పురుగులు కుప్పగా ఉన్నాయి. ఊరు ఆమెకు పిచ్చి అంది. అదే పని ఏ పండితుడో చేస్తే పల్లకీ ఎక్కించేది.

ఆమె మందల పెద్ద దగ్గరికి పోయింది. అతని పేరు నేను చెప్పను, నా నోటికి అంత ఖర్మ పట్టలేదు. మొదటిసారి నవ్వాడు. రెండోసారి గడప తొక్కనివ్వలేదు. మూడోసారి ఆమె వాకిట్లోనే నిలబడి చెప్పింది.

"అయ్యా, తిత్తి తిన్న కుక్కకు పురుగు పడుతది. దాని పెంట పడ్డ గడ్డి తిన్న గొర్రెకు మళ్ళ తిత్తి పడుతది. ఆ కుక్కను ముట్టిన చేత్తోనే మన పిల్లలు బువ్వ తింటరు. కుక్కల తప్పు గాదు, మనమే పెడుతున్నం. ఆ కార్జాన్ని కాలబెట్టుండ్రి, సాలు."

"బోటి కడిగేదానివి బోటి కడుగు," అన్నాడతను. "తాతల నాటి వాడుక నీకోసం మారదు."

ఆ నోరు పడిపోను. కథ చెప్పేవాడికి కోపం రాకూడదంటారు. నాకు వస్తుంది.

ఆ ఏటి మందల పండుగలో, గొర్రెలు కోసే చోటే బుచ్చవ్వ మంట వేసి కూర్చుంది. తిత్తుల కార్జం కనబడితే చాలు, లాక్కుని మంటలో వేసింది. మొదటిది వేస్తే తిట్టారు. రెండోది వేస్తే నెట్టారు. మూడోది వేస్తే కర్రలు లేచాయి. కొట్టినవాళ్ళలో ఆమె కడిగిన బోటి తిననివాడు ఒక్కడూ లేడు.

పడిపోయి, ఊపిరి ఎగబీలుస్తూ ఆమె అంది, "ఇన్నేండ్లు కడిగిన. ఒక్క ముక్క అడగలే. ఇప్పుడు అడుగుతున్న. తిత్తుల కార్జం నా వాటా. మంటల వెయ్యిండ్రి."

ఆ మాటతోనే పోయింది. చచ్చినవాళ్ళ కోరిక తీర్చకపోతే పట్టి పీడిస్తారని ఊరికి భయం. బతికుండగా కళ్ళముందు రుజువు చూపిస్తే వినని ఊరు, దయ్యానికి జడిసి విన్నది. కుక్కలకు వెయ్యడం మానేసింది. కొన్నేళ్ళకు పిల్లల కడుపులు ఉబ్బడం తగ్గింది.

ఇప్పటికీ ఆ గుట్టల వైపు గొర్రెను కోస్తే, తిత్తులున్న కార్జాన్ని "బుచ్చవ్వ వాటా" అని మంటలో వేస్తారు. కుక్కను ముట్టిన పిల్లలు చేతులు కడగందే తల్లులు బువ్వ పెట్టరు. బతికున్నన్నాళ్ళూ ఆమెకు మంచి ముక్క ఒక్కటి పెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు ఊరూరా వాటా తీస్తున్నారు, అదీ రోగపు ముక్క. మీరూ వెయ్యండి, ఆమె అడిగింది కాబట్టి. వేసేటప్పుడు మాత్రం తల దించుకుని వెయ్యండి.