గోరింక ముక్కుకు అడ్డం పడ్డ తోక

చూసింది చూసినట్టు చెప్పండి. నిన్న అన్నాల దగ్గర మీ ఇంట్లో పెద్దవాళ్ళు పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు కలుపుకున్నారా, లేదా? మాట దాటేయకండి! సరే, ఇప్పుడు ఇది వినండి.

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఉప్పుమట్టి దిబ్బ. ఏనుగులు వంతులవారీగా వచ్చి, తలా ఒక్క తొండం మట్టి తిని పోయేవి. అది వాటి కట్టుబాటు.

కుంభయ్య అనే ఏనుగు మీద మూడు ప్రాణులు కాపురం ఉండేవి. చెవి వెనక కొంగ. అక్కడి నరం గట్టిగా కొట్టుకుంటే "పొంగింది!" అని కేక పెట్టేది. మెడ మీద గోరింక. ఆ కేక వినగానే "నెమ్మది పెద్దయ్యా, నెమ్మది!" అనేది. కుంభయ్య ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. గోరింక పక్కనే ఉడుత. పులి తరిమినప్పుడు ఏనుగు ఆగకూడదు కదా! అప్పుడు ఉడుత తన తోకతో గోరింక ముక్కు మూసేది. పులి పోగానే తీసేసేది. గోరింకకు అందులో కోపం లేదు. అది మంచి పనే.

ఒక వేసవిలో కుంభయ్య వంతు తప్పి దిబ్బ మీదే తిష్ఠ వేశాడు. రోజూ కడుపునిండా ఉప్పుమట్టి. ఎవరొచ్చినా పోట్లాట.

మొదట దుప్పులు వచ్చాయి. కుంభయ్య తరిమాడు. కొంగ అరిచింది. గోరింక "నెమ్మది" అనబోయింది.

"దాని నోరు మూయరా ఉడుతా!" అన్నాడు కుంభయ్య. ఉడుత మూసింది.

తర్వాత అడవిపందులు వచ్చాయి. మళ్ళీ అదే కేక, అదే తోక.

ఆఖరికి ఒక కుందేలు వచ్చింది.

"కుందేలు మీదికి కూడానా పెద్దయ్యా? నీ చెవిలో సగం లేదది!" అంది గోరింక.

"ఇవాళ ఇది, రేపు దీని చుట్టాలు! మూయరా!"

వేసవి అంతా ఇంతే. దిబ్బ వైపు రావడం అందరూ మానేశారు. ఒకరోజు కుంభయ్య నీడలో ఊరికే నిలబడి ఉన్నాడు. అయినా, తిన్న ఉప్పంతా ఒంట్లో చేరి, నరం దబదబా కొట్టుకుంటోంది.

"పొంగింది! ఇలాగే ఉంటే తెగుతుంది!" అని కొంగ గోల పెట్టింది.

గోరింక నోరు తెరిచింది. తోక వచ్చి అడ్డం పడింది. ఈసారి ఎవరూ మూయమనలేదు.

గోరింక విదిలించుకుని, "పులి లేదు, పంది లేదు. ఎందుకు మూశావురా తమ్ముడూ?" అంది.

"నేను మూయలేదక్కా. కొంగ అరిస్తే చాలు, తోకే లేస్తోంది. దించుదామంటే దిగడం లేదు" అని ఉడుత ఏడుపు మొహం పెట్టింది.

ఆ తోక మళ్ళీ మీద పడింది. పని చేసీ చేసీ అది మోకులా బలిసింది. కిందున్న పెద్దయ్య ప్రాణం పోతే ఎలా? గోరింక ఇక ఆలోచించలేదు. తోకను గట్టిగా కొరికింది.

"అబ్బా!" అని ఉడుత ఎగిరిపడింది.

"నెమ్మది పెద్దయ్యా!"

కుంభయ్య విన్నాడు. కానీ అప్పటికే తొండం ఒక పక్కకు వాలిపోయింది. ముందుకాలు మడతపడింది. కూలబడ్డాడు.

"ముందే చెప్పొద్దూ?" అన్నాడు, ముద్దముద్దగా.

"రోజూ చెప్పాను పెద్దయ్యా. మూయించింది నువ్వే" అంది గోరింక.

కుంభయ్య బతికాడు. ఉప్పుమట్టి వంతు వచ్చినప్పుడే తింటున్నాడు. ఉడుత తోక కొద్దికొద్దిగా దిగుతోంది. కాలు మాత్రం మునుపటిలా కాలేదు.

మన మెడ పైన, మెదడు అడుగుభాగంలో కూడా పోటు తగ్గించమనే గోరింకా, దాన్ని ఆపే ఉడుతా లాంటి నరకణాలు ఉన్నాయి. రక్తపోటు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అక్కడి ఉడుత బలుస్తుంది. గోరింక మాట అణిగిపోతుంది. నొప్పి తెలియదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం, ఒకరోజు కుంభయ్యలా పక్షవాతంతో కూలబడేదాకా.

నీతి: ఆగమనే నోటిని రోజూ మూయిస్తే, ఆగాల్సిన రోజున అది పెగలదు. మరి మీ ఇంట్లో రక్తపోటు చూపించుకోమని రేపు ఎవరిని బయల్దేరదీస్తారు?