నవ్వే బిస్కట్టు

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరం. శ్రావణ మాసం. చూరు నుంచి ధార తెగని ముసురు.

కాలు నా మీద వేసుకుని పడుకో చిన్నీ. అనగా అనగా, నేననగా, నువ్వు ఊఁ అనగా, సముద్రానికి దగ్గర్లో ఒక జనపనార మిల్లు ఊరు. ఆ ఊళ్ళో గౌసు తాత అని ఒక ముసలాయన. ఆయనకి ఒక రొట్టెల బట్టీ ఉండేది. బట్టీ అంటే ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి. లోపల ఒక ఆవు పడుకునేంత చోటు. అందులో కట్టెలు మండించి, బొగ్గులు పక్కకి లాగేసి, ఆ వేడి మీద రొట్టెలూ బిస్కట్లూ కాల్చేవాడు.

గౌసు తాత మహా మొండివాడు. ముప్పై ఏళ్ళుగా ఒకటే రకం బిస్కట్టు చేశాడు. గుండ్రంగా, గ్లాసు మూతి అంత. ఎవరైనా పలకలుగా చెయ్యమని అడిగితే, అంచులు నువ్వే కొరుక్కో అనేవాడు.

బట్టీ పక్క ఇంట్లో ఎర్రయ్యమ్మ అని ఒకావిడ. మిల్లులో పని. ఆవిడకి ముగ్గురు పిల్లలు. పెద్దది నూకాలు, తొమ్మిదేళ్ళది. దాని తర్వాత సింహాచలం, ఏడేళ్ళవాడు. ఆఖరుది గున్నమ్మ, నాలుగేళ్ళది.

ఆ గున్నమ్మకి టైఫాయిడ్ జ్వరం వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత జ్వరం తగ్గింది గానీ, పిల్ల నోట్లో మెతుకు పెట్టుకోదు. జావ పోస్తే ఉమ్మేసింది. పాలు ఇస్తే పెదాలు బిగించింది. చేతులు చూస్తే అగ్గిపుల్లల్లా ఉన్నాయి. కాంపౌండరు వచ్చి చూసి, ఇంకో మూడు రోజుల్లో తినడం మొదలెట్టకపోతే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, అప్పుడు కూడా నేను మాటివ్వలేను అన్నాడు. ఎర్రయ్యమ్మ ఆ మాట విని పనిలోకి వెళ్ళిపోయింది. వెళ్ళకపోతే ఎలా మరి.

అప్పుడు నూకాలు చెల్లిని చంకనేసుకుని గౌసు తాత దగ్గరికి వెళ్ళింది. తాత ఒక బిస్కట్టు తీసి గున్నమ్మ చేతిలో పెట్టాడు. గున్నమ్మ దాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. తిరిగి ఇచ్చేసింది.

"దీనికి మొహం లేదు. నన్ను చూసి నవ్వితే తింటాను," అంది.

గౌసు తాత నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. బిస్కట్టుకి మొహం ఏమిటి, ముప్పై ఏళ్ళలో ఇలాంటి మాట వినలేదు అన్నాడు. గున్నమ్మ తల తిప్పేసుకుంది. తాత ఆ పిల్ల సన్నబడ్డ మెడ చూశాడు. కాసేపు గొణుక్కున్నాడు. ఆ తర్వాత పిండి డబ్బా మూత తీశాడు.

మొదటి రోజు. తాత పెద్ద పళ్ళెంలో వనస్పతి, పంచదార వేసి పిల్లల ముందు పెట్టాడు. ముగ్గురూ చేతులు కడుక్కుని, తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టారు. ఆ తర్వాత మైదా పోశారు. సింహాచలం తుమ్మాడు. మైదా అంతా తాత గడ్డం మీద పడింది. గడ్డం ముందే తెల్లగా ఉండబట్టి ఎవరికీ తెలియలేదు. నూకాలు గ్లాసుతో బిళ్ళలు కోసింది. అప్పుడు గున్నమ్మ అరటిపండు చక్రాలు తీసి కళ్ళు పెట్టింది, ఒక ముక్క వంచి నోరు పెట్టింది.

బట్టీలోంచి తీసి చూస్తే అరటిపండు నల్లబడి ముడుచుకుపోయింది. కళ్ళు రెండూ ముడి పడ్డాయి.

"ఇది కోపంగా ఉంది," అంది గున్నమ్మ. ముట్టుకోలేదు.

రెండో రోజు. వాన ఇంకా ఎక్కువైంది. ఊరి దారిలో పారే గెడ్డ పొంగి కట్టెల బండి ఊళ్ళోకి రాలేదు. అయినా తాత బట్టీ రాజేశాడు. ఈసారి అనాసపండు తెచ్చాడు. చిన్న చిన్న ముక్కలు కోశాడు. మళ్ళీ పిండి కలిపారు, మళ్ళీ బిళ్ళలు కోశారు. సింహాచలం తన బిస్కట్టుకి మీసాలు పెట్టాడు. అవి ఎవరివి అని అడిగితే, మా మిల్లు మేస్త్రీవి అన్నాడు. తాత నవ్వు ఆపుకోలేక బట్టీ వైపు తిరిగిపోయాడు.

కాల్చి తీసేసరికి అనాస రసం కారి బిస్కట్లన్నీ మెత్తబడిపోయాయి. కళ్ళలోంచి బుగ్గల మీదకి చారలు.

"ఇది ఏడుస్తోంది. ఏడ్చేవాళ్ళని తినకూడదు," అంది గున్నమ్మ.

కానీ ఆ రోజు ఒక సంగతి జరిగింది చిన్నీ. పిండి అంటిన వేలిని గున్నమ్మ ఎవరూ చూడట్లేదనుకుని నోట్లో పెట్టుకుంది. తాత చూశాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మూడో రోజు. కాంపౌండరు పెట్టిన గడువులో అదే ఆఖరు. బట్టీ దగ్గర ఒక చిన్న మోపు పొడి కట్టెలే మిగిలాయి. ఆ పొద్దున తాత రొట్టెలు కాల్చలేదు. కట్టెలు పిల్లల కోసం దాచాడు. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. తిట్లు తింటే అరుగుతాయి, పోండి అన్నాడు.

ఆ తర్వాత పిల్లల్ని కూచోబెట్టి అడిగాడు. పండులో నీళ్ళుంటేనే మనకి ఈ గొడవ. మరి నీళ్ళు లేని పండు ఏది అని. నూకాలు ఆలోచించింది. గున్నమ్మ ఆలోచించింది. సింహాచలం ఆలోచించకుండానే ఇంట్లోకి పరిగెత్తి, ఉట్టి మీద డబ్బా దించుకొచ్చాడు. అందులో వేసవిలో వాళ్ళమ్మ ఎండబెట్టిన మామిడి తాండ్ర ఉంది.

తాత ఒక ముక్క తుంచి కొరికి చూశాడు. దీంట్లో తీపి ఎక్కువ, మొదటినుంచీ బట్టీలో ఉంటే మాడిపోతుంది అన్నాడు. అందుకని బిస్కట్లు ముందు సగం కాల్చాలి. అప్పుడు బయటికి తీసి తాండ్ర అంటించాలి. అప్పుడు మళ్ళీ లోపల పెట్టాలి.

సరే, సగం కాల్చి తీశారు. నూకాలు తాండ్రని కత్తెరతో కత్తిరించి పెట్టింది. గున్నమ్మ ఒక్కొక్కటే తీసి అంటించడం మొదలెట్టింది. దాని వేళ్ళలో బలం లేదు. ఒక కన్ను పెట్టి కాసేపు ఆగేది. రెండో కన్ను పెట్టి ఇంకాసేపు ఆగేది. నూకాలు సాయం చేస్తానంటే చెయ్యి తోసేసింది. ఇరవై బిస్కట్లు. ఇరవై మొహాలు. తాత తొందరపెట్టలేదు. పక్కనే గొంతుక్కూచుని, ఈ నోరు కొంచెం వంకరగా ఉంది, నా నోరులాగే ఉంది, అంటూ కూచున్నాడు.

అన్నీ అయ్యేసరికి బట్టీ చల్లబడిపోయింది. తాత లోపల చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి కాలలేదు. బయట పొడి కట్టె ముక్క లేదు. ఉన్నవి తడిసి నాచు పట్టాయి.

తాత కొట్టంతా చూశాడు. పిండి పిసికే చెక్క ఉంది, అది లేకపోతే రేపు రొట్టె లేదు. తలుపు ఉంది, అది తీస్తే వాన లోపలికొస్తుంది. ఆ తర్వాత పిల్లలు కూచున్న టేకు బల్ల చూశాడు. తెల్లవారకుండా బట్టీ రాజెయ్యాలి కాబట్టి తాత ఇంటికి వెళ్ళేవాడు కాదు, దాని మీదే పడుకునేవాడు.

"లేవండమ్మా," అన్నాడు.

గొడ్డలి తెచ్చి బల్లని చీల్చాడు. నూకాలు భయపడి, మరి నువ్వెక్కడ పడుకుంటావు తాతా అంది.

"నేల మీద. ఎంత దొర్లినా కింద పడను," అన్నాడు.

టేకు కట్టె నిలువునా మండింది. బట్టీ ఎర్రబడింది. అప్పుడు బొగ్గులు లాగి, బిస్కట్లు లోపలికి తోశాడు. కాసేపటికి వాసన వచ్చింది. ముందు నెయ్యిలాంటి వాసన, దాని వెనకాల మామిడిపళ్ళ వాసన. తాండ్ర కరిగి బిస్కట్టుకి అతుక్కుంది. కళ్ళు తళతళమన్నాయి. నోళ్ళు రెండు పక్కలా పైకి లేచాయి.

గున్నమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. అది పిల్లని చూసి నవ్వింది. గున్నమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత మొహం వదిలేసి, చుట్టూ అంచు కొరికింది. తర్వాత బుగ్గలు తింది. తర్వాత నోరు. ఆఖర్న కళ్ళు. అప్పుడు పాలు అడిగింది.

సాయంత్రానికి మూడు తింది. ఎర్రయ్యమ్మ పని నుంచి వచ్చేసరికి పిల్ల గౌను నిండా పొడి ఉంది. ఆవిడ గడప మీద చతికిలబడి, ముందురోజు సింహాచలం చేసిన మీసాల బిస్కట్టు తీసుకుని మెల్లగా తింది. మర్నాడు కాంపౌండరు వచ్చి, ఆసుపత్రి అక్కర్లేదు అన్నాడు. ఆయనకి కూడా ఒక బిస్కట్టు ఇచ్చారు. జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఎర్రయ్యమ్మ తమ ఇంటి నులక మంచం మోసుకొచ్చి తాత కొట్లో వేసింది. తాత దాన్ని వాళ్ళింటి ముందు పెట్టి వచ్చాడు. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పెట్టి వచ్చాడు. మూడోసారి తెస్తే, "బట్టీ నాది, బల్ల నాది, నడుం నాది. నీ పని చూసుకో తల్లీ," అన్నాడు. ఇక ఆవిడ తేలేదు.

ఆ వానాకాలం అంతా, దాని తర్వాత చలికాలం అంతా, గౌసు తాత గోనెపట్టా పరుచుకుని చెమ్మ నేల మీద పడుకున్నాడు. ఆయన ఎడమ మోకాలు పట్టేసింది. ఆ తర్వాత ఆ కాలు ఇక వంగలేదు.

బిస్కట్టు బొజ్జలోకి,
బల్లేమో బట్టీలోకి,
కథ కంచి దారిలోకి,
నా చిన్ని నిద్దట్లోకి.