గడ్డి మైదానంలో సన్యాసిరావు

అనకాపల్లిలో మోటారు షెడ్డు నడిపే సన్యాసిరావు మంచి పనిమంతుడే గానీ, ఎవరినైనా సాయం అడగాలంటే మాత్రం తల కొట్టేసినట్టు బాధపడేవాడు. ఊళ్లో పది బళ్లు బాగుచేసి పెట్టేవాడు, తన ఇంటి కప్పు కారుతుంటే మాత్రం ఎవరికీ చెప్పకుండా బకెట్లు పెట్టుకునేవాడు.

అతని చిన్ననాటి స్నేహితురాలు రజియా మంగోలియాలో రెండేళ్లుగా పాఠాలు చెబుతూ ఉండేది. ఒక వేసవిలో ఆమె సన్యాసిరావునూ, ఇద్దరికీ స్నేహితుడైన పోలినాయుడినీ అక్కడికి రమ్మంది. ముగ్గురూ ఒక పాత వ్యాను అద్దెకు తీసుకుని, పశువుల మందలతో ఊరూరూ కాదు, కొండా కొండా తిరిగే కాపరుల సీమకు బయలుదేరారు. మే నెల అయినా అక్కడ చలి పోలేదు. ఎటు చూసినా గడ్డి, ఆకాశం. మధ్యలో ఎక్కడో ఒక తెల్లటి గుండ్రటి ఉన్ని గుడారం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ఏరు అడ్డం వచ్చింది. అవతలి వాలు మీద ఒక గుడారం, గొర్రెల మంద కనిపించాయి.

"హారన్ కొడదాం. ఎవరైనా వస్తే ఎక్కడ దాటాలో అడుగుతాను," అంది రజియా.

"ఇరవై ఏళ్లుగా బళ్లతో బతుకుతున్నాను. ఏరు దాటడానికి ఒకరిని అడగాలా?" అన్నాడు సన్యాసిరావు. గేరు మార్చి బండిని నీళ్లలోకి దించేశాడు.

ఏటి నడుమ ముందు చక్రాలు బురదలో దిగబడిపోయాయి. బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. నాయుడు నడుం లోతు నీళ్లలోకి దిగి వెనకనుంచి తోశాడు. సన్యాసిరావు చక్రాల కింద రాళ్లు వేశాడు, చాపలు వేశాడు, జాకీ పెట్టాడు. గంటన్నర గడిచింది. బండి కదలలేదు. మంచు కరిగి వచ్చిన నీళ్లవి. నాయుడి పెదవులు నల్లబడ్డాయి. మాట తడబడింది. రజియా అతన్ని బండిలోకి లాగి, ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. అయినా వణుకు తగ్గలేదు.

"ఇక చాలు సన్యాసీ! వీణ్ణి వదిలి నేను రాలేను. నువ్వే వెళ్లి ఆ గుడారంలో వాళ్లని పిలుచుకురా," అంది రజియా.

"నాకు వాళ్ల భాష రాదే!"

"వీడి ప్రాణం మీదికొచ్చింది. ఎలాగో ఒకలా అడుగు!"

సన్యాసిరావు అవతలి ఒడ్డెక్కి పరుగెత్తాడు. ఉత్తరాన ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. గుడారం దగ్గర ఒక ముసలమ్మ ఒంటరిగా గొర్రెపిల్లలను దడిలోకి తోలుతోంది. ఆమె పేరు దోల్గోర్. మంచు తుఫాను ముంచుకొస్తోంది, కొడుకేమో గుర్రాలతో దూరంగా ఉన్నాడు. సన్యాసిరావును చూడగానే ఆమె ఎవరు, ఏమిటని అడగలేదు. ఒక పిల్లను అతని చేతుల్లో పెట్టి, దడి వైపు చూపించి, ఏదో కేకేసింది.

సన్యాసిరావు నిలబడిపోయాడు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఈమె ఎంత తేలిగ్గా సాయం అడిగింది! పిల్లను దడిలో దించి, వెనక్కి వచ్చి, ఏటి వైపు చూపిస్తూ చేతులు జోడించాడు.

"అమ్మా! మావాడు చలికి కొయ్యబారిపోతున్నాడు. సాయం చెయ్యమ్మా!" అన్నాడు తెలుగులోనే.

దోల్గోర్ తడిసిన అతని బట్టలు చూసింది. వెంటనే గుర్రమెక్కి ఏటికి వెళ్లింది. నాయుణ్ణి తన గొర్రెతోలు కోటులో చుట్టి, గుడారానికి చేర్చి, పిడకల పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. ఉప్పు వేసిన వేడి పాల టీ గుక్కగుక్కగా తాగించింది. నాయుడి మొహంలో రంగు వచ్చాక, సన్యాసిరావూ రజియా ఆమెతో కలిసి మిగిలిన మందను తోలారు. ఆఖరి పిల్ల దడిలోకి వచ్చేసరికి మంచు కురవసాగింది.

మర్నాడు ఆకాశం తేటపడింది. ఇంటికి చేరిన కొడుకు రెండు జడల బర్రెలను కట్టి వ్యానును ఒడ్డుకు లాగాడు. సన్యాసిరావు ఇంజను విప్పి ఆరబెడుతూ, రజియాను దుబాసీగా మధ్యన పెట్టుకుని దోల్గోర్‌ను అడిగాడు.

"కొత్తవాణ్ణి సాయం అడగడానికి నీకు మొహమాటం వెయ్యలేదా అమ్మా?"

దోల్గోర్ నవ్వింది. "మా పక్కింటికి గుర్రం మీద పోయినా సగం రోజు పడుతుంది. మొహమాటపడితే మంద చచ్చిపోతుంది నాయనా. నేను అడిగాను, నువ్వు చేశావు. నువ్వు అడిగావు, నేను వచ్చాను. అలాగే కదా పరాయివాళ్లు చుట్టాలయ్యేది!"

సన్యాసిరావు చేతిలోని పానా కింద పెట్టాడు. తర్వాత రజియా వైపు తిరిగి, "'సాయం చెయ్యండి' అని వీళ్ల భాషలో ఎలా అనాలో నాకు నేర్పవే," అన్నాడు.

పొయ్యి పక్కనుంచి లేచి వచ్చిన నాయుడు పగలబడి నవ్వాడు. "ఒరే, నువ్వు ఒకరిని అడగడం ఇదే మొదటిసారి చూస్తున్నాను!" అన్నాడు.

నీతి: సాయం అడగడం చిన్నతనం కాదు. అడగడానికి సిగ్గుపడేవాడు తనతో పాటు తనవాళ్లనూ ఆపదలోకి నెడతాడు. మనసు విప్పి అడిగేవాడికి ఎంత దూరదేశంలోనైనా ఆప్తులు దొరుకుతారు.