జనాజా బండి మెరుపు

దస్తగిరి కాలు ఒకచోట నిలవడం లేదు. శుక్రవారం జమ్మలమడుగు నుంచి జనం కారేసుకుని వస్తున్నారు, అతన్ని తమ గురువుగా తీసుకుపోవడానికి. అక్కడ అతనికోసం గది కూడా కట్టేశారు. ఇక కావలసింది ఒక్కటే, గురువు ఖాసింపీరు అనుమతి.

తొమ్మిదేళ్లుగా కడపలో ఆయన దగ్గరే ఉన్నాడు. ధ్యానంలో కూర్చుంటే దస్తగిరి కళ్లు ధారలు కట్టేవి. అతను మాట్లాడితే విన్నవాళ్లూ ఏడ్చేవాళ్లు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

"నన్ను పంపండి సామీ. నా మనసు తేటపడింది," అన్నాడు మంగళవారం పొద్దున.

ఖాసింపీరు ఒకప్పుడు లారీ బాడీలకు రంగులేసిన మనిషి. ఆయన ప్రహరీ పక్కనున్న జనాజా బండి వైపు చూశాడు. నా అన్నవాళ్లు లేనివాళ్లు పోతే ఖబరస్తానుకు చేర్చే బండి అది. దాని ఫైబర్ టాపు ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేది. పన్నెండేళ్ల ఎండకు వెలిసిపోయి, ముట్టుకుంటే సున్నంలా చేతికి అంటుతోంది.

"దాన్ని మెరిపించు నాయనా. తర్వాత మాట్లాడుకుందాం."

దస్తగిరి గంటలో ముగించాడు. సబ్బుతో తోమి, బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించాడు. టాపు చిలకపచ్చగా తేలింది. పరుగున వెళ్లి గురువును పిలుచుకొచ్చాడు.

ఆయన మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. అరుగు మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు.

"కూచో."

కూర్చున్నారు. ఎండెక్కింది. టాపు మీద నీళ్లు ముందు అంచుల దగ్గర ఆరాయి, తర్వాత నడిమధ్య. ఆరిన చోటల్లా తెలుపు మళ్లీ పైకొచ్చింది. ఖాసింపీరు లేచి వెళ్లి టాపును ఒక్కసారి నిమిరి, అరచెయ్యి తెచ్చి శిష్యుడికి చూపించాడు. చెయ్యంతా తెల్లటి పొడి.

దస్తగిరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గరుకు కాగితం తీసుకుని కసికొద్దీ రుద్దాడు. ఒక మూల పచ్చరంగు మొత్తం లేచిపోయి, లోపలి ఫైబర్ పోగులు బయటపడ్డాయి.

గురువు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. గరుకు కాగితం తీసేసి, నీళ్లలో తడిపి రుద్దే మెత్తటి వాటర్ పేపరు చేతిలో పెట్టాడు.

"పైపూత గోరుమందమే నాయనా. నీ మీద నీకున్న కోపం దాని మీద చూపించొద్దు."

ఆ తర్వాత దస్తగిరి జానెడు జానెడుగా రుద్దుకుంటూ వచ్చాడు. తడిపి రుద్దడం, తుడవడం, ఆరేదాకా కాచుకోవడం, అరచేత్తో నిమిరి చూసుకోవడం. గురువారం ఆసుపత్రిలో ఎవరూ లేని ఒక ముసలాయన పోయాడు. బండి సగం పచ్చగా, సగం తెల్లగానే ఆయన్ని మోసుకెళ్లింది. దస్తగిరి తనే గుంతలోకి దిగి ఆయన్ని పడుకోబెట్టాడు. ఆ రోజు అతనికి కన్నీళ్లు రాలేదు. తిరిగొచ్చి మళ్లీ కాగితం తడిపాడు.

శుక్రవారం కారొచ్చింది. పూలదండలతో నలుగురు దిగారు. అప్పుడే కడిగిన బండి ఎండలో ధగధగలాడుతోంది.

"అబ్బ, ఏం మెరుపు సామీ!" అన్నాడు వాళ్లలో పెద్దాయన, దండ పట్టుకుని దస్తగిరి దగ్గరికి వస్తూ.

ఖాసింపీరు అరుగు మీదే ఉన్నాడు.

దస్తగిరి దండకు తల వంచలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని, గురువు పక్కన వాళ్లకు చోటు చూపించాడు.

"కూచోండి. ఆరినాక చూద్దురుగాని."