కిటికీ ఉన్న గది

అనంగవర్మ మహారాజుకి ఉన్నట్టుండి పడమటి దేశాలు చూడాలని బుద్ధి పుట్టింది. అక్కడెక్కడో ఒక నగరంలో వీధులన్నీ నీళ్ళేననీ, జనం పక్కింటికి కూడా పడవమీదే వెళ్తారనీ ఒక పరంగి వర్తకుడు చెప్పాడు. అంతే, "బయల్దేరదాం" అన్నాడు రాజు.

రాజుకంటే రాణి మందారవల్లికి సంబరం ఎక్కువ. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ కోట గోడ అవతల ఏముందో చూసి ఎరగదు. ప్రయాణం మాట వినగానే ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టించి కూర్చుంది.

అయితే ఓడ కప్తాను ఒక మెలిక పెట్టాడు. అందరూ మశూచికి టీకా వేయించుకోవాలి. భుజాన మచ్చ చూపించి, ఓడ వైద్యుడి పరీక్షలో నెగ్గితేనే ఓడెక్కాలి. పరివారంలో ఒక్కరిమీద అనుమానం వచ్చినా అందరూ ఒడ్డునే ఉండిపోవాలి. నడిసముద్రంలో మశూచి రేగితే పారిపోయే చోటుండదు కదా, ఆయన భయం ఆయనది.

సూది అనగానే సభంతా నీరుగారిపోయింది. ముందుగా రాణి చెయ్యి చాపింది. ఆవిడ చాపాక రాజుకు తప్పలేదు. రాజుకి తాంబూలం అందించే అడపం ఓబన్న కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ వేయించేసుకున్నాడు.

సేనాపతి దుర్గరాజుకి మాత్రం సరిహద్దులో అత్యవసరమైన పని సరిగ్గా ఆ రోజే తగిలింది. తిరిగొచ్చాక, "నాకు అక్కడే ఒక పరంగి వైద్యుడు వేశాడు" అని మీసం దువ్వాడు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. రేవులో వైద్యుడు ఒక్కొక్కరి కనురెప్పలు లాగి, నాలుక చాపించి చూస్తున్నాడు. రాజుగారు నాలుక చాపడం ఎన్నడూ చూడని భటులు నవ్వు ఆపుకోలేక సముద్రం వైపు తిరిగారు.

దుర్గరాజు పరీక్ష ఊసెత్తకుండా గదుల గొడవ ఎత్తాడు.

"ప్రభువు పక్క గది, ఆ కిటికీ ఉన్నది, నాది. ఇంకొకడు అడుగుపెడితే ఊరుకోను!"

ఆయన తీరే అంత. సభలో రాజు తరవాతి తాంబూలం తనకే రావాలి. ఒకసారి ఓబన్న పొరపాటున మంత్రికి ముందు అందించాడని చాన్నాళ్ళు అతని మొహం చూడలేదు.

వైద్యుడు ఆయన భుజం చూసి నొసలు చిట్లించాడు. "ఇది టీకా మచ్చలా లేదే!"

ఓబన్న తొంగి చూశాడు. చూడగానే తెలిసిపోయింది. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి సొన! ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కిపోతుంది. సూదికి భయపడి ఇంత మంట ఓర్చుకున్నాడా ఈ మహానుభావుడు అనుకున్నాడు.

దుర్గరాజు కత్తి పిడిమీద చెయ్యేశాడు. "నా మాట అబద్ధమంటారా? నన్ను వదిలి ఓడెక్కితే ఆ మాట అన్నట్టే! ఈ కత్తి ఇక్కడే పారేసి పోతాను. అప్పుడు కోట ఎవరు కాస్తారో చూస్తాను!"

"ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తియ్యగానే లంగరు ఎత్తేస్తాను. ఈలోగా తేల్చుకోండి" అన్నాడు కప్తాను. ఈ రేవుకు వస్తూ పోతూ ఉండేవాడు కనక ఆయనకు మన మాట బాగానే పట్టుబడింది.

రాజు ఇరకాటంలో పడ్డాడు. రుజువు లేకుండా, సైన్యం చూస్తుండగా, సేనాపతిని అబద్ధాలకోరు అనడం ఎలా? రాణి ఓడ వైపు ఒకసారి చూసింది. జాడీలు ఎక్కిస్తున్న దాసీలతో, "దించెయ్యండమ్మా" అంది. ఆ గొంతు వినేసరికి ఓబన్నకు ప్రాణం ఉసూరుమంది.

"ప్రభూ, తాంబూలం పెట్టె తమ గదిలో పెట్టి వస్తాను" అంటూ ఓడెక్కాడు. వెళ్తూ వెళ్తూ కప్తాను చెవిలో ఏదో ఊదాడు. కాసేపటికి వగరుస్తూ దిగాడు.

"చిన్న ఇబ్బంది, మహాప్రభూ! సేనాపతిగారి గదిలో ఒక నావికుడు పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా మశూచి!"

జనం గబుక్కున వెనక్కి జరిగారు. కప్తాను గొంతు సవరించుకున్నాడు. "అతన్ని కదిలించడం ప్రమాదం. టీకా పడ్డవాళ్ళకు అంటుకోదు, భయం లేదు."

"నేనూ అదే అన్నాను" అన్నాడు ఓబన్న. "మా దొరగారికి టీకా దివ్యంగా పడింది, రోగి పక్కనే పడక వేసెయ్యమన్నాను. కిటికీ వైపే వేయించాను, దొరగారూ! అడిగినప్పుడు అతనికి కాసిని మంచినీళ్ళు కూడా తమరే పట్టాలి."

దుర్గరాజు మీసం కిందికి జారింది. "నాకెందుకురా కిటికీ? ఆ గది నువ్వే తీసుకో."

"అయ్యో! ప్రభువు పక్కన తమరుండాల్సిన చోట నేనా? లోకం ఏమనుకుంటుంది?"

"పోనీ, ఓడ అడుగున ఏ మూలో పడుంటాను."

రాజుకి సంగతి అర్థమైంది. "వీల్లేదు సేనాపతీ! నీ మర్యాద నీకు జరగాల్సిందే. పద, ముందు నువ్వే ఎక్కు."

దుర్గరాజు ఓడ మెట్టుమీద కాలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి దబ్బున వచ్చి రాజు కాళ్ళమీద పడ్డాడు.

"నాకు టీకా వెయ్యలేదు ప్రభూ! ఇది నల్లజీడి! సూదంటే చిన్నప్పటినుంచీ భయం. నన్ను ఇక్కడే వదిలెయ్యండి, కోట కాచుకుంటాను!"

రాణికి మాత్రం ఇంకో దిగులు పట్టుకుంది. "ఓబన్నా, మరి ఆ నావికుడికి మందూ మాకూ ఎవరు చూస్తున్నారు?"

ఓబన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఆ పడకమీద ఉన్నది తమరి ఆవకాయ జాడీయే, తల్లీ! ఒళ్ళంతా ఎర్రగా కారింది గానీ, జ్వరం మాత్రం లేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాణి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందాక మొహం తిప్పుకున్న భటులు ఈసారి బాహాటంగానే నవ్వారు.

"ఆ జాడీ నీకే, ఆ గదీ నీకే!" అంది రాణి. రాజు తన మెడలోని ముత్యాల పేరు తీసి ఓబన్న మెడలో వేశాడు.

"అనుమానం తీరింది. సేనాపతిగారు ఉండిపోతే చాలు, మిగతావాళ్ళు ఎక్కండి" అన్నాడు కప్తాను. ఈలోగా వైద్యుడు దుర్గరాజు రెండో భుజం దొరకబుచ్చుకున్నాడు. సేనాపతి పెట్టిన కేకకు రేవులో కొంగలన్నీ లేచిపోయాయి. రాణి అప్పటికే ఓడ మెట్లెక్కుతోంది.