అడ్డొచ్చిన ఆకు

పేర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. మండపేటలో ఆయన దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే. "చూద్దాం" అంటారు, అంతే. ఆ చూద్దాం ఒక్కోసారి ఆ పూటకే తేలుతుంది, ఒక్కోసారి ఆర్నెల్లు పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఏ అడవికీ పోకుండా, తన పెరట్లో పురుగుల్నీ పిట్టల్నీ మాత్రమే ఫోటోలు తీస్తూ కూర్చున్న మనిషికి తొందరెందుకుంటుంది?

తొందరంతా శిష్యురాలు హైమావతిది. పంచాయతీ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం వస్తే చాలు, మాస్టారి పెరట్లో వాలిపోతుంది. జిల్లా ఫోటోల పోటీకి రెండేళ్లు పంపింది, రెండుసార్లూ తిరిగొచ్చాయి. "చిత్రంలో అడ్డాలెక్కువ" అని రాశారు జడ్జీలు. ఆ ఒక్క ముక్క ఆమెకి నిద్ర లేకుండా చేసింది. ఈసారి ఆ పెరట్లోనే నిమ్మకొమ్మకి అతుక్కున్న సీతాకోకచిలుక ప్యూపాని, అంటే పురుగు రెక్కలొచ్చేదాకా ఉండే గూటిని, పదకొండు రోజులుగా రోజూ వచ్చి కనిపెట్టుకుని ఉంది. శనివారం సాయంత్రానికి అది నల్లబడి, లోపలి రెక్కల మీది తెల్లచుక్కలు పైకి కనిపించాయి. అంటే తెల్లారితే బయటికొస్తుంది. పోటీకి ఆఖరి గడువు కూడా ఆ ఆదివారమే.

అన్నీ కుదిరాయి గానీ ఒక్క ఆకు కుదరలేదు. ప్యూపాకి కాస్త పైన చిన్న రెమ్మ, దానికో వెడల్పాటి ఆకు. ఎటునుంచి చూసినా అదే ఫ్రేములోకొచ్చి కూర్చుంటోంది.

"మాస్టారూ, అడ్డొచ్చే ఆకు ఒక్కటి తీసేస్తే ఏం పోతుందండీ? చెట్టుకి ఇన్ని ఆకులున్నాయి కదా!" అని అడిగింది హైమావతి.

"చూద్దాం" అన్నారాయన.

ఆమెకి అంత ఓపిక లేదు. మర్నాడు ఆరింటికే వచ్చి, మాస్టారు అవతల మొక్కలకి నీళ్లు పోస్తుండగా, చిన్న కత్తెరతో ఆ రెమ్మని మొదలంటా తీసేసింది. ఇప్పుడు ప్యూపా వెనక అంతా పచ్చటి తెర. అబ్బ, ఎంత బాగుందో! ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఏడు దాటాక ప్యూపా పగిలింది. తడితడిగా, ముడతలు పడ్డ రెక్కలతో సీతాకోకచిలుక బయటికొచ్చింది. హైమావతి వరసగా నొక్కుతూనే ఉంది, కానీ ఆమెకి కావలసింది ఇవి కాదు. రెక్కలు పూర్తిగా విచ్చుకునే క్షణం కావాలి. అవి విచ్చుకోవాలంటే అది దేన్నో ఒకదాన్ని పట్టుకుని వేలాడాలి. కింద పడిందా, ముడతలు ముడతలుగానే గట్టిపడిపోతాయి. ఇక జన్మలో ఎగరలేదు. ఇది ఆమెకి తెలియని సంగతేం కాదు, మాస్టారే ఎన్నోసార్లు చెప్పారు.

అది పైకి పాకింది. కోసిన చోటికొచ్చి ఆగింది. ముందుకాళ్లు గాలిలో తడుముకున్నాయి. పట్టు దొరకలేదు. నున్నటి కాడ మీద వెనక కాలు జారింది. హైమావతి కెమెరా వదల్లేదు, చెయ్యి చాచలేదు, ఉన్నచోటే బిగుసుకుపోయింది.

పక్కనుంచి మాస్టారి చెయ్యి వచ్చింది. చూపుడువేలు మెల్లగా ఆ కాళ్లకి అందించారు. అది వేలెక్కి, కిందివైపుకి తిరిగి వేలాడింది.

ఆ తర్వాత ఆయన కదల్లేదు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. భుజం లాగుతున్నట్టు మొహంలో తెలుస్తూనే ఉంది. మాస్టారి భార్య కామాక్షమ్మగారు కాఫీ పట్టుకొచ్చి, ఆ వాలకం చూసి, "బాగానే ఉంది! నేను పిలిస్తే ఒక్క నిమిషం నిలబడరు గానీ, దీనికోసం గంటైనా నిలబడతారు" అని గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు.

రెక్కలు విచ్చుకోవడం మొదలైంది. నల్లటి రెక్కలు, అంచున తెల్లచుక్కల వరస. హైమావతి కెమెరాలోంచి చూసింది. ఫ్రేము నిండా ముడతలు పడ్డ వేలు, గోట్లో మట్టి. పదకొండు రోజుల కష్టం! ఆమెకి ఏడుపొచ్చేసింది.

"మాస్టారూ, ఫోటోలో మీ వేలు పడిపోతోందండీ."

ఆయన వేలు కదపకుండా, తల మాత్రం ఇటు తిప్పారు.

"ఆకు లేదుగా అమ్మాయ్. దాని పని ఎవరో ఒకరు చెయ్యాలి."