కాడి మీద ముడి

ఏలియాగారి గొడ్లచావిడికీ చర్చికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. అందుకని ఆ చావిట్లో జీవాలన్నిటికీ ఆదివారం ప్రసంగాలు కంఠతా వచ్చు. విన్నదాన్ని ఎవరెలా వాడుకున్నారన్నదే అసలు సంగతి!

చావిట్లో ఒక జత ఎద్దులున్నాయి. కర్రోడు నల్లగా ఉంటాడు, నెమ్మదస్తుడు. మైలోడిది బూడిదరంగు, వట్టి మాటకారి. వానాకాలం దుక్కిలో మైలోడి గిట్టలో తుమ్మముల్లు దిగి, పాపం, నిజంగానే కుంటుతూ నడిచాడు. అప్పుడు ఏలియాగారు కాడి మీద మోకు ముడిని కర్రోడి వైపు జానెడు జరిపారు. ముడి ఎటు జరిగితే బరువు అటే ఎక్కువ. కర్రోడు సంతోషంగా లాగాడు. తన తవుడులో సగం కూడా మైలోడికి పెట్టాడు.

ముల్లు తీసి నాలుగు నెలలైంది. మైలోడు మాత్రం కాడి కంటపడితే చాలు, కుంటడమే! తవుడు తిని తిని వాడు నిగనిగలాడుతున్నాడు. కర్రోడికి ఎముకలు తేలాయి, మెడ పుండైంది.

క్రిస్మస్ మర్నాడు బండలాగుడు పందెం. ఆ పొద్దున చుక్కలకోడి రెక్కలు కొట్టుకుంటూ చావిట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"కర్రోడా, కొంప మునిగింది! పందెం అవగానే బక్కెద్దుని సంతకి తోలేస్తానని అయ్య అమ్మతో అంటున్నాడు. బక్కెద్దంటే నువ్వేరా!"

కర్రోడు నోట్లో గడ్డి వదిలేశాడు. "నేనేం తప్పు చేశానక్కా? ఒకరి బరువు ఒకరు మొయ్యాలని పాస్టరుగారు చెప్తేనే గదా మోశాను?"

"అబ్బో! ఎవరి బరువు వాళ్ళు మొయ్యాలని కూడా అదే నోటితో చెప్పాడు. అప్పటికి నువ్వు కునుకు తీస్తున్నావు. నేను బల్లల కింద నూకలేరుకుంటూ మొత్తం విన్నా. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? నిన్న లేగదూడ వెంటపడి చావిడి చుట్టూ మూడుసార్లు పరిగెత్తాడు నీ కుంటితమ్ముడు!"

కర్రోడు మైలోడి వైపు తిరిగాడు.

"తమ్ముడూ, ఉన్నమాట చెప్తున్నా. నీ కాలు బాగైంది. ఇవాళ నా సగం నేను లాగుతా. నీ సగం నువ్వే లాగు."

"అట్టాగేలే అన్నా," అని మైలోడు కన్ను గీటాడు. 'నువ్వా లాగకుండా ఉండేది!' అనుకున్నాడు లోపల.

పందెం బరిలో డప్పులు, ఈలలు, దుమ్ము! గుంజల మీదికెక్కి కుర్రాళ్ళు కేకలు! ఏలియాగారు "హెయ్!" అనగానే బండ కదిలింది. కర్రోడు చెప్పినట్టే తన సగమే లాగాడు, వెంట్రుకవాసి ఎక్కువ లాగలేదు. ముడి ఇంకా అతని వైపే ఉండటంతో అతని పక్క కాడి వెనకబడింది.

"అయ్యో, కర్రోడు అలిసిపోయాడు!" అని ఏలియాగారు గాబరాపడ్డారు. మలుపు దగ్గర బండ తిప్పేటప్పుడు ముడి పట్టుకుని మైలోడి వైపుకి జానెడు జరిపేశారు.

మైలోడి కళ్ళు తేలిపోయాయి! "అన్నా, ఇదేంది? మెడ మీద కొండ పడ్డట్టుంది!"

"అదేరా, నాలుగు నెలలుగా నేను లాగింది. లాగు!"

వెనక ములుగర్ర, చుట్టూ జనం. కుంటడానికి వీలేదీ? మైలోడు బుసలు కొడుతూ పరిగెత్తాడు. నాలుగు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి! "ఓరి వీడి దుంపతెగ! వీడు కుంటివాడా?" అని ఏలియాగారు నోరు తెరిచారు.

ఆఖరి చుట్టులో మైలోడి నోట్లోంచి నురగ కారింది. మోకాళ్ళు వణికాయి. "అన్నా... ఈసారి నిజంగానే... చచ్చిపోతున్నా!"

కర్రోడు పక్కకి చూశాడు. ఆ వణుకు దొంగవణుకు కాదు. అంతే! పుండుమెడ కాడికి ఆనించి ఒక్క ఊపు ఊపాడు. బండ దుమ్ము రేపుకుంటూ గీత దాటింది. రెండో బహుమతి! ఊరు ఊరంతా కేరింతలు!

సాయంత్రం కర్రోడి మెడకి పసుపూ ఆముదమూ రాస్తూ ఏలియాగారు, "నిన్నా నేను అమ్మబోయింది!" అని కళ్ళు తుడుచుకున్నారు. ముడిని సరిగ్గా కాడి నడిమధ్యకి తెచ్చి బిగించారు. మైలోడు పక్కవాడి తవుడు వైపు మూతి చాచాడు. కర్రోడు కొమ్ము అడ్డం పెట్టాడు.

"ఆకలైతే పెడతా తమ్ముడూ. నీ తొట్టి నిండుగానే ఉంది, ముందు అది తిను."

మైలోడు గుటకలు మింగి తన తొట్టిలోనే తలపెట్టాడు.

నీతి: పడ్డవాణ్ణి లేవనెత్తడం ప్రేమ, నడవగలిగినవాణ్ణి మొయ్యడం వాణ్ణి కుంటివాణ్ణి చెయ్యడమే.